కొత్త ఫోన్ సతాయిస్తుంటే: డబ్బా విప్పిన రోజు నుంచి వినియోగదారుల కమిషన్ దాకా

పోయిన దసరాకు మా బామ్మర్ది ఆన్‌లైన్‌లో కొత్త ఫోన్ కొన్నాడు. నెల కిందటే మార్కెట్లోకి వచ్చిన మోడల్. వాడిది నర్సంపేట దగ్గర పల్లె, నాలుగెకరాల పత్తి. ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి, పాత ఫోన్‌తో కాదని కొత్తది తీసుకున్నాడు. నాలుగో రోజు పక్కింటివాళ్ల ఫోన్ నుంచి నాకు చేశాడు.

"బావా, గీ ఫోన్ దానంతటదే బందై మళ్ల షురువైతాంది. ఓటీపీ వచ్చే టైముకే బందైతాంది. ఏం జెయ్యాలె?"

కస్టమర్ కేర్‌కు అప్పటికే చేశాడట. "అప్‌డేట్ వస్తుంది సార్, సెట్ అయిపోతుంది" అన్నారట. సరే చూద్దామన్నాను నేను కూడా. అక్కడ తప్పు నాది. ఏడు రోజుల రీప్లేస్‌మెంట్ గడువు దాటిన మూడో రోజున అప్‌డేట్ వచ్చింది. ఫోన్ ఆరిపోవడం మాత్రం ఆగలేదు.

ఇంట్లో, బంధువుల్లో ఎవరి ఫోన్ చెడినా నా దగ్గరికే వస్తుంది. ఆ తర్వాత నుంచి ఎవరు కొత్త ఫోన్ కొన్నా ఒక క్రమం పెట్టి చూస్తున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఆండ్రాయిడ్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినా, చాలా భాగం ఐఫోన్‌కూ వర్తిస్తుంది.

కొత్త మోడల్‌కే ఈ బాధలు ఎందుకు

ఫోన్ కొత్తదే, అందులోని సాఫ్ట్‌వేర్ కొత్తది కాదు. ఫ్యాక్టరీలో ఎక్కించిన సాఫ్ట్‌వేర్ మన చేతికి వచ్చేసరికి కొన్ని వారాల పాతది. డబ్బాలు గోదాముల్లో, లారీల్లో ఉన్నన్నాళ్లూ ఇంజనీర్లు తప్పులు వెతుకుతూనే ఉంటారు. దిద్దినవి మొదటి అప్‌డేట్‌లో వస్తాయి. వైఫై తగలగానే కొత్త ఫోన్ పెద్ద అప్‌డేట్ అడిగేది అందుకే.

ధర ఎక్కువ పెడితే ఈ గొడవ ఉండదనుకోవద్దు. సెప్టెంబర్ 2014లో ఐఫోన్ 6 అమ్మకాలు మొదలైన వారంలోపే వచ్చిన ఐఓఎస్ 8.0.1 వేసుకున్నవాళ్లకు సిగ్నల్ పోయింది, వేలిముద్ర పనిచేయలేదు. కాసేపట్లోనే ఆపిల్ దాన్ని వెనక్కి తీసుకుని మర్నాడు 8.0.2 ఇచ్చింది. 2023లో ఐఫోన్ 15 ప్రో చెయ్యి కాలేంత వేడెక్కుతోందని గోల అయింది. ఐఓఎస్ 17లో ఒక తప్పు ఉందని, ఇన్‌స్టాగ్రామ్ వంటి కొన్ని యాప్‌లూ కారణమని ఆపిల్ ఒప్పుకుని, అక్టోబర్ మొదటి వారంలో 17.0.3తో సరిచేసింది. గూగుల్ పిక్సెల్ 6 సంగతి ఇంకా అన్యాయం. డిసెంబర్ 2021 అప్‌డేట్‌తో కాల్స్ తెగిపోతున్నాయని తేలి దాన్ని ఆపేశారు, సరైనది జనవరి 2022 మధ్యలో గానీ రాలేదు.

ఒకటి మర్నాడు, ఒకటి పది రోజులు దాటాక, ఒకటి నెల దాటాక. మూడూ సాఫ్ట్‌వేర్ తప్పులే, మూడూ సరయ్యాయి. మన రీప్లేస్‌మెంట్ గడువు మాత్రం చాలాచోట్ల ఏడు రోజులే. కాబట్టి "అప్‌డేట్‌తో పోతుంది" అన్న మాట నిజమే కావచ్చు, అయినా దాన్ని నమ్ముకుని గడువు పోగొట్టుకోకూడదు. నేను చెప్పే క్రమం అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

మన దగ్గర ఇంకో రెండు కారణాలు కలుస్తాయి. మే నెలలో వరంగల్‌లో, రామగుండంలో ఉండే ఎండ ఒకటి. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. మనకు ఏప్రిల్‌లోనే నలభై దాటుతుంది. రెండోది సిగ్నల్. హనుమకొండ చౌరస్తాలో నిండుగా ఉన్న 5జీ, తాడ్వాయి అడవి దారిలో ఉండదు.

మొదటి మెట్టు: డబ్బా విప్పకముందే

రీప్లేస్‌మెంట్ గడువు ఎన్ని రోజులో, అది ఆర్డర్ చేసిన రోజు నుంచా, చేతికి అందిన రోజు నుంచా చూసి క్యాలెండర్ మీద రాయండి. దానికి రెండు రోజుల ముందు తేదీకి ఇంకో గీత గీయండి. మీ అసలు గడువు ఆ రెండో గీత. షాపులో కొంటే ఈ గడువు బిల్లు వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలే ఉండదు. "డిఫెక్ట్ ఉంటే ఎన్ని రోజుల్లో తేవాలి, డీఓఏ మీరే రాయిస్తారా, మేము సర్వీస్ సెంటర్‌కు పోవాలా" అని డబ్బులు కట్టకముందే అడగండి. డీఓఏ అంటే ఫోన్ వచ్చినప్పుడే చెడిపోయి ఉందని సర్వీస్ సెంటర్ రాసిచ్చే కాగితం. చాలా కంపెనీలకు అది లేనిదే షాపువాళ్లు కొత్త పీస్ ఇవ్వరు.

జీఎస్టీ నంబర్ ఉన్న బిల్లు తీసుకోండి. "బిల్లు లేకుంటే ఓ వెయ్యి తగ్గిస్తా" అనే బేరానికి ఒప్పుకుంటే ఆ తర్వాత ఈ వ్యాసం చదవడం దండగ. బిల్లు మీద ఉన్న ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కూ వేరుగా ఉండే గుర్తింపు నంబరు), డబ్బా మీదిది, ఫోన్‌లో *#06# కొడితే వచ్చేది మూడూ ఒకటే కావాలి. కేవైఎం అని టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే (కేవైఎం మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి) ఆ నంబరు ఏ మోడల్‌దో జవాబు వస్తుంది.

ఎక్స్‌చేంజ్ గురించి ఒక మాట. ఆన్‌లైన్‌లో ఎక్స్‌చేంజ్ పెడితే కొత్తది ఇచ్చేటప్పుడే పాతది పట్టుకుపోతారు. కొత్తది సతాయిస్తే చేతిలో ఏమీ మిగలదు. మా బామ్మర్ది పక్కింటి ఫోన్ నుంచి నాకు చేయాల్సి రావడానికి అదే కారణం. మూడు వేలో నాలుగు వేలో పోయినా పాత ఫోన్‌ను ఓ నెల ఇంట్లో ఉంచుకోవడమే నయమని నా లెక్క.

రెండో మెట్టు: మొదటి సాయంత్రం, అప్‌డేట్ ముందు, యాప్‌లు తర్వాత

కొత్త ఫోన్ రాగానే అందరం చేసే పని పాత ఫోన్ నుంచి అంతా కాపీ కొట్టడం. మొదటి రెండు రోజులు అది వద్దు. పాత ఫోన్‌లోని చెత్త, పనికిరాని సెట్టింగులు, ఎక్కడి నుంచో దించుకున్న యాప్‌లు అన్నీ కలిసి వస్తాయి. తర్వాత ఫోన్ వేడెక్కితే తప్పు కొత్త ఫోన్‌దా, తెచ్చిపెట్టుకున్నదా తెలియదు. ఫోన్ ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే లోపం ఫోన్‌దే, దాని మీద ఎవరూ వాదించలేరు.

వైఫై కలిపి, చార్జింగ్ సగం పైన ఉంచి, సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చూడండి. ఒకటి పూర్తయ్యాక మళ్లీ చూడండి, కొన్నిసార్లు రెండు మూడు వరసగా ఉంటాయి. ఆ తర్వాత ప్లే స్టోర్‌లో యాప్‌ల అప్‌డేట్లు. ఇది కాక గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ అని ఇంకొకటి సెక్యూరిటీ మెనూలో ఉంటుంది, చాలామంది దాన్ని ఎన్నడూ తెరవరు.

అదే మోడల్ కొన్న మీ దోస్తుకు అప్‌డేట్ వచ్చి మీకు రాకపోతే కంగారు పడొద్దు. కంపెనీలు అందరికీ ఒకేసారి ఇవ్వవు. ముందు కొద్దిమందికి ఇచ్చి, ఏమీ పేలకపోతే మిగతావాళ్లకు వదులుతాయి.

బ్యాంకు యాప్‌లూ, ఫోన్‌పే, గూగుల్ పేలూ ఈ రెండు రోజులు పాత ఫోన్‌లోనే ఉండనివ్వండి. కొత్త ఫోన్‌లో యూపీఐ రిజిస్టర్ చేస్తే మొదటి 24 గంటలు చాలా బ్యాంకులు చిన్న మొత్తాలే పంపనిస్తాయి. ఫోన్ మార్చాల్సి వస్తే మళ్లీ మొదటికే.

మూడో మెట్టు: ఏది మామూలు, ఏది కాదు

మొదటి రెండు మూడు రోజులు కొత్త ఫోన్ కొంచెం వేడెక్కుతుంది, చార్జింగ్ తొందరగా దిగుతుంది. లోపల యాప్‌లను తనకు తగ్గట్టు మార్చుకునే పని, ఫొటోలను వర్గీకరించే పని నడుస్తుంటాయి. పెద్ద అప్‌డేట్ తర్వాత కూడా ఇంతే. ఇది లోపం కాదు. రాత్రి చార్జింగ్‌కు పెట్టి పడుకుంటే రెండు మూడు రాత్రుల్లో ఆ పని అయిపోతుంది. నాలుగో రోజున కూడా ఫోన్ ఊరికే టేబుల్ మీద ఉన్నా వెచ్చగా ఉందంటే అది వేరే సంగతి.

బండి ముందు హోల్డర్‌కు తగిలించి, మ్యాప్ పెట్టుకుని, చార్జింగ్ వైరు కూడా గుచ్చి ఎండలో కాజీపేట నుంచి ములుగు రోడ్డు దాకా వెళ్లి "ఫోన్ కాలుతోంది" అంటే అది ఫోన్ తప్పు కాదు. వేడి ఎక్కువైనప్పుడు బ్యాటరీని కాపాడటానికి చార్జింగ్‌ను తగ్గించడం, ఆపేయడం, వెలుతురు తగ్గించడం సాఫ్ట్‌వేర్ కావాలని చేసే పనులు. నీడలో పెట్టి పావుగంట ఆగి చూడండి.

ఇవి మాత్రం మామూలు కావు, మొదటి రోజు కనిపించినా వదలొద్దు: దానంతటదే రీస్టార్ట్ కావడం, ముట్టకుండానే టచ్ పనిచేయడం, తెర మీద గీత, కాల్‌లో అవతలివాళ్లకు మన గొంతు వినపడకపోవడం, చార్జింగ్ శాతం ఒక్కసారిగా నలభై నుంచి పదికి పడిపోవడం.

నాలుగో మెట్టు: ఒక గంట కూర్చుని పరీక్ష

మూడో రోజు తీరిగ్గా కూర్చోండి. సామ్‌సంగ్‌లో *#0*# కొడితే పరీక్షల మెనూ వస్తుంది, షావోమీలో *#*#6484#*#*. మిగతావాటిలో సపోర్ట్ లేదా సర్వీస్ యాప్‌లో డయాగ్నస్టిక్స్ అని ఉంటుంది. తెర మొత్తం ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు రంగుల్లో చూడండి, చుక్కలు తెలుస్తాయి. స్పీకర్లు, వైబ్రేషన్, కెమెరాలన్నీ నొక్కి చూడండి.

మైకు ఒక్కటి కాదు, సాధారణంగా రెండు ఉంటాయి. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఒక కాల్, స్పీకర్ పెట్టి ఒక కాల్, వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ చేయండి. వాయిస్ మెసేజ్ శుభ్రంగా ఉండి మామూలు కాల్‌లోనే గొంతు తెగిపోతుంటే మైకు బాగానే ఉందన్నట్టు, తప్పు నెట్‌వర్క్ వైపు. స్పీకర్ పెట్టినప్పుడే వినపడకపోతే రెండో మైకు అనుమానం.

కాల్ మాట్లాడేటప్పుడు తెర ఆరకుండా చెంప తగిలి కాల్ మ్యూట్ అవడం తక్కువ ధర ఫోన్లలో బాగా వస్తుంది. అసలు సెన్సర్ పెట్టకుండా సాఫ్ట్‌వేర్‌తో అంచనా వేసే పద్ధతి కొన్ని మోడళ్లలో ఉంది. దాన్ని ఏ సర్వీస్ సెంటరూ బాగుచేయలేదు, అప్‌డేట్‌తో కొంత మెరుగవుతుందేమో అంతే. అది మీకు భరించరానిదైతే గడువులోనే తిరిగి ఇచ్చేయండి. టెంపర్డ్ గ్లాస్ వేయించి ఉంటే ముందు దాన్ని తీసి చూడండి. వేలిముద్ర తీసుకోకపోవడానికీ సగం సార్లు ఆ గ్లాసే కారణం. వంపు తెర ఫోన్లకు జిగురు పోసి లైటు పెట్టి అతికించే గ్లాసు మాత్రం మొదటి నెల వేయించొద్దు. ఆ జిగురు స్పీకర్లోకో బటన్‌లోకో దిగితే వారంటీ గురించి పెద్ద పంచాయితీ అవుతుంది.

ఐదో మెట్టు: తప్పు ఎవరిదో తేల్చడం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. తప్పు యాప్‌ది కావచ్చు, సిమ్ కంపెనీది కావచ్చు, ఫోన్ సాఫ్ట్‌వేర్‌ది కావచ్చు, లోపలి వస్తువుది కావచ్చు. ఏ గడపకు వెళ్లాలో దీన్నిబట్టే ఉంటుంది.

యాప్ అవునో కాదో తెలియాలంటే సేఫ్ మోడ్. పవర్ మెనూ తెరిచి పవర్ ఆఫ్ బొమ్మ మీద వేలు అట్లాగే నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో మీరు వేసుకున్న యాప్‌లు ఏవీ నడవవు, ఫోన్‌తో వచ్చినవే నడుస్తాయి. ఒక పూట అట్లా వాడండి. రీస్టార్ట్, వేడి పోతే తప్పు ఏదో యాప్‌ది. ఈ మధ్య వేసినవి ఒక్కొక్కటి తీసేస్తూ చూడండి. పోకపోతే యాప్‌లు నిర్దోషులు.

ఒక్క రోజులో ఉన్నట్టుండి నాలుగైదు యాప్‌లు తెరవగానే మూసుకుపోతుంటే ఫోన్‌ను అనుమానించకముందు ఊళ్లో ఇంకెవరికైనా అట్లా అవుతోందేమో అడగండి. మార్చి 2021లో ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్ సహా ఎన్నో యాప్‌లు ఒక్కసారిగా కూలబడ్డాయి. కారణం గూగుల్ ఇచ్చిన వెబ్‌వ్యూ అనే చిన్న భాగం అప్‌డేట్. అదీ, క్రోమూ అప్‌డేట్ చేయగానే సర్దుకుంది. ఆ మధ్యలో ఎంతమంది ఫోన్ రీసెట్ కొట్టి ఫొటోలు పోగొట్టుకున్నారో.

నెట్‌వర్క్ పరీక్షకు సిమ్ మార్చండి. మీ సిమ్ పాత ఫోన్‌లో, వేరే కంపెనీ సిమ్ మీ కొత్త ఫోన్‌లో. లోపం సిమ్‌తో పాటు వెళ్తే ఫోన్‌ది కాదు, ఫోన్ దగ్గరే ఉంటే ఫోన్‌దే. తర్వాత ప్రిఫర్డ్ నెట్‌వర్క్‌లో 5జీ తీసి 4జీ పెట్టి ఒక రోజు చూడండి. 5జీ అందీ అందని చోట ఫోన్ రెండింటి మధ్య ఊగుతూ బ్యాటరీ తాగేస్తుంది, కాల్స్ తెగుతాయి. 4జీతో సరిగా ఉంటే అలాగే వాడుకోండి, ఊళ్లో పెద్ద తేడా తెలియదు. ఫోన్ మీద 5జీ అని రాసి ఉన్నంత మాత్రాన అది ఇక్కడ నడుస్తుందనీ కాదు. అక్టోబర్ 2022లో మన దేశంలో 5జీ మొదలైనప్పుడు అప్పటికే 5జీ పేరుతో అమ్మిన ఎన్నో ఫోన్లకు సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా అది పట్టలేదు. ఐఫోన్లకైతే డిసెంబర్‌లో ఐఓఎస్ 16.2తో వచ్చింది. మేడారం జాతర నాలుగు రోజుల్లో మాత్రం ఏ ఫోన్‌నూ పరీక్షించొద్దు, అక్కడ అన్నీ మొద్దులే.

ఇక సాఫ్ట్‌వేరా, వస్తువా. తెర మీద గీతో మెరుపో వస్తే స్క్రీన్‌షాట్ తీసి వేరే ఫోన్‌కు పంపి చూడండి. స్క్రీన్‌షాట్‌లో కూడా గీత ఉంటే సాఫ్ట్‌వేర్ గీస్తున్నదే. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉండి తెర మీదే గీత ఉంటే డిస్‌ప్లే పోయినట్టు, దానికి ఏ అప్‌డేటూ మందు కాదు. అప్‌డేట్ వేసిన వెంటనే పచ్చ గీత పడిందని చాలామంది మొత్తుకున్నారు. సామ్‌సంగ్, వన్‌ప్లస్ రెండూ మన దేశంలో కొన్ని మోడళ్లకు వారంటీ అయిపోయినా డిస్‌ప్లే ఉచితంగా మార్చాయి, కాబట్టి గీత పడితే ముందే డబ్బు కట్టేయకుండా అడగండి.

దానంతటదే టచ్ అవుతుంటే చార్జర్ పీకి చూడండి. నాసిరకం చార్జర్ల వల్ల చార్జింగ్‌లో ఉన్నప్పుడే ఈ దయ్యం పడుతుంది. పీకినా పోకపోతే అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు కొట్టి, డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, పాయింటర్ లొకేషన్ ఆన్ చేయండి. తెర మీద ఎక్కడ టచ్ పడ్డా గీత కనిపిస్తుంది. చేతులు దూరంగా పెట్టి, గీతలు వాటంతటవే పడుతుంటే వేరే ఫోన్‌తో వీడియో తీయండి. దీన్ని చూపిస్తే సర్వీస్ సెంటర్‌లో మారుమాట ఉండదు.

దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే అబౌట్ ఫోన్‌లో స్టేటస్ కింద అప్ టైమ్ చూడండి. ఫోన్ ఆన్ అయి ఎంతసేపైందో అక్కడ ఉంటుంది. పొద్దున ఆన్ చేసిన ఫోన్‌లో సాయంత్రం 40 నిమిషాలే చూపిస్తే మధ్యలో ఆరి వెలిగినట్టే. రోజుకు మూడుసార్లు దాని స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. బామ్మర్ది ఫోన్‌లో నేను ఇది ఆలస్యంగా, పన్నెండో రోజున మొదలుపెట్టాను.

ఆరో మెట్టు: గడువుకు రెండు రోజుల ముందు నిర్ణయం

రెండో గీత గీసిన తేదీ వచ్చింది. లోపం ఇంకా ఉంటే, యాప్‌దో సిమ్‌దో కాదని తేలితే, ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కసారి చేయండి. డేటా కొత్తగా ఏమీ లేదు కాబట్టి ఇప్పుడు రీసెట్ నొప్పి కాదు. రీసెట్ తర్వాత సగం రోజు ఏ యాప్ వేయకుండా చూడండి. మళ్లీ వస్తే ఆ సాయంత్రమే రీప్లేస్‌మెంట్ పెట్టేయండి. అప్‌డేట్ గురించి ఎవరేం చెప్పినా వినొద్దు. "అప్‌డేట్ వస్తే సరవుతుందని రాసి ఇవ్వండి" అంటే ఎవరూ రాసి ఇవ్వరు, ఆ ఒక్కటి చాలు.

అదే మోడల్ ఇంకో పీస్‌లోనూ అదే తప్పు ఉంటే అది అందరి ఫోన్లలో ఉన్న సాఫ్ట్‌వేర్ లోపం. అప్పుడు పీస్ మార్చుకుని లాభం లేదు, డబ్బు వాపస్ అడగండి, లేదా కంపెనీ తప్పు ఒప్పుకుందేమో చూసి, ఓపిక ఉంటే ఆగండి. ఒప్పుకున్న తప్పుకు ఆగొచ్చు. ఒప్పుకోని తప్పుకు ఆగడం నాకు నచ్చదు.

ఏడో మెట్టు: గడువు దాటితే సర్వీస్ సెంటర్

భూపాలపల్లి, ములుగు వైపు నుంచి వచ్చేవాళ్లకు హనుమకొండ రావడమంటే ఒక పూట కూలి, బస్సు చార్జీలు. అందుకే ఒక్కసారిలో పని అయ్యేలా రావాలి. బిల్లు, చార్జర్, డబ్బా, మీరు తీసిన వీడియోలు, స్క్రీన్‌షాట్లు వేరే ఫోన్‌లో పెట్టుకుని రండి. తీరా కౌంటర్ దగ్గర ఫోన్ బుద్ధిగా ఉంటుంది, ఇది ప్రతి ఒక్కరికీ జరిగేదే.

వాళ్లు ఇచ్చే జాబ్ షీట్‌లో ఏం రాశారో చదవకుండా సంతకం పెట్టొద్దు. చాలాసార్లు "సాఫ్ట్‌వేర్ ఇష్యూ" అని రెండు ముక్కలు రాసి పడేస్తారు. "రోజుకు నాలుగైదుసార్లు దానంతటదే రీస్టార్ట్ అవుతోంది, రీసెట్ చేసినా, సిమ్ మార్చినా, సేఫ్ మోడ్‌లోనూ ఇదే" అని రాయించండి. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి ఇచ్చినా, ఏ లోపమూ దొరకలేదని ఇచ్చినా, ఆ కాగితం తీసుకోనిదే బయటికి రావద్దు. రెండోసారి, మూడోసారి వెళ్లినప్పుడు పాత జాబ్ షీట్లే మీ పక్కన నిలబడతాయి.

ఫోన్ ఇచ్చేముందు డేటా బ్యాకప్ తీసి, వాట్సాప్ బ్యాకప్ వేరుగా తీసి, రీసెట్ చేసి ఇవ్వడం మేలు. చేయలేకపోతే సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఆన్ చేస్తే మీ ఫొటోలు, మెసేజ్‌లు కనపడకుండా పరీక్షలు చేసుకోగలుగుతారు. లాక్ నంబరు కాగితం మీద రాసి ఫోన్‌కు అంటించి ఇచ్చే అలవాటు మానండి. ఆ నంబరే చాలామందికి యూపీఐ పిన్ కూడా.

చౌరస్తాలోని ఏ షాపుకో పోతే, వాళ్లు "మూడు వందలిస్తే సాఫ్ట్‌వేర్ కొట్టిస్తా" అంటే వారంటీ ఉన్న ఫోన్‌ను ఇవ్వకండి. వాళ్ల పనితనం మీద నాకు అనుమానం లేదు. కానీ పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లనివ్వని తాళం ఇప్పటి ఫోన్లలో ఉంటుంది, దాన్ని దాటబోతే ఫోన్ ఇటుకరాయి అవుతుంది. కంపెనీ అప్‌డేట్‌తోనే ఇటుకలైన ఫోన్లూ ఉన్నాయి. 2021 మొదట్లో షావోమీ ఎంఐ ఏ3కి ఆండ్రాయిడ్ 11 అప్‌డేట్ వేసుకున్నవాళ్లకు ఫోన్ మళ్లీ వెలగలేదు. కంపెనీ అప్‌డేట్ ఆపేసి, వారంటీ ఉన్నా లేకున్నా సర్వీస్ సెంటర్‌కు రమ్మంది. అట్లాంటప్పుడు మీ ఫోన్ ఎవరూ విప్పకుండా ఉంటేనే మాట చెల్లుతుంది.

ఎనిమిదో మెట్టు: ఫిర్యాదు

రెండుసార్లు సర్వీస్‌కు వెళ్లినా అదే లోపం అయితే మూడోసారి ఊరికే పోవద్దు. ముందు కంపెనీకీ, అమ్మిన సైటుకూ గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్‌కు తేదీలవారీగా రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకాల సైటు 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. దానితో పాటే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. హెల్ప్‌లైన్ తీర్పు చెప్పదు, ఫిర్యాదును కంపెనీ నోడల్ మనిషి ముందు పెడుతుంది. కస్టమర్ కేర్ కంటే పైన ఉన్న మనిషి చూస్తాడు, అంతే లాభం. ఆ లాభం చిన్నది కాదు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే చోటే, లేదా పనిచేసే చోటే కేసు వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. లోపం వచ్చిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. 5 లక్షల రూపాయల లోపు వస్తువులకు ఫీజు లేదు. వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. లోపం పైకి కనపడనిదైతే కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపించగలదు. అప్ టైమ్ స్క్రీన్‌షాట్లు, జాబ్ షీట్లు, సేఫ్ మోడ్ వీడియో వరసగా ఉంటే అంత దూరం పోకముందే చాలా కంపెనీలు దిగొస్తాయని నా అనుభవం.

ఫోన్ దారికొచ్చాక

సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపొద్దు. ఆండ్రాయిడ్ వెర్షనే మారే పెద్ద అప్‌డేట్ వస్తే మాత్రం ఒక వారం పది రోజులు ఆగి, ముందు వేసుకున్నవాళ్లకు ఏమైందో విని వేసుకోండి. డెవలపర్ ఆప్షన్స్‌లో ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్ ఆఫ్ చేస్తే రాత్రికి రాత్రే దానంతటదే రీస్టార్ట్ అయి వేసుకోకుండా ఉంటుంది. రేపు స్లాట్ బుకింగో, పరీక్ష హాల్ టికెటో, రైలు టికెటో ఉందంటే ఈ రోజు సాయంత్రం అప్‌డేట్ నొక్కకండి.

మా బామ్మర్ది ఫోన్ రెండుసార్లు సర్వీస్‌కు పోయి వచ్చింది. రెండుసార్లూ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చారు. మూడోసారికి 1915 ఫిర్యాదు నంబరు, పన్నెండు రోజుల అప్ టైమ్ స్క్రీన్‌షాట్లు పట్టుకుని ఇద్దరం పోయాం. ఫోన్ లోపలి మెయిన్ బోర్డు మార్చారు. సాఫ్ట్‌వేర్ అన్నది అసలు సాఫ్ట్‌వేరే కాదన్నమాట. బోర్డు మారితే ఐఎంఈఐ కూడా మారుతుంది, ఇది చాలామంది గమనించరు. పాత నంబరు బిల్లు మీద, కొత్తది ఫోన్‌లో ఉంటే రేపు ఫోన్ పోయి బ్లాక్ చేయించాలన్నా, మళ్లీ వారంటీ అడగాలన్నా చిక్కే. పాత, కొత్త నంబర్లు రెండూ జాబ్ షీట్ మీద రాయించి, ముద్ర వేయించుకున్నాం. వాడు దాన్ని బిల్లుకు పిన్ను కొట్టి, బీరువాలో పత్తి అమ్మిన తక్‌పట్టీల (రసీదుల) పక్కన పెట్టుకున్నాడు.